ఎముకల ఖజానా



ఈ గ్రంథాలయము వెలసి ఇరువదియైదు వత్సరములు నిండినవి. మొదటి దినమున తలుపులు తెరచినవారిలో కొందరు నేడును ఈ సభలో కూర్చుండియున్నారు. కాని ఆనాడు వారిని నిలువబెట్టిన ఎముకలు చాలవరకు నేడు వారి దేహములలో లేవు. ఇది చమత్కారమునకు చెప్పినమాట కాదు. ఎదిగిన మనుష్యుని అస్థిపంజరములో ఏటేట సుమారు పదియవవంతు కరగిపోయి, ఆ చోటున క్రొత్త యెముక యేర్పడుచుండును. బీరువాలోని పుస్తకమునకు చెదపట్టిన పుటను తీసి మరియొక పుటను కుట్టినట్లు ఈ పని నిద్రలోను మెలకువలోను జరుగుచునే యుండును. ఎముక రాయివంటిదని అనుకొనుట పొరపాటు. అది జీవముగల పదార్థము.

మన పురాణములలో ఎముకల దానమనగానే దధీచి జ్ఞప్తికి వచ్చును. ఆ కథ భారతమున ఆరణ్యపర్వములోను, భాగవతమున షష్ఠస్కంధములోను కలదు. (పోతనగారి పేరిట చదువుచున్న తెలుగు భాగవతములో ఈ షష్ఠస్కంధము ఏర్చూరి సింగన రచనయని పాఠకులు గమనింపవలెను.) వృత్రాసురుని చంపుటకు వజ్రాయుధము కావలసివచ్చి దేవతలు అర్థింపగా, ఆ మహర్షి తన యెముకలనిచ్చెను. దధీచి ఒక్కసారియే ఇచ్చెను. ఇక్కడ కూర్చున్న ప్రతివాని యెముకలును ప్రతిగడియయు ఇచ్చుచునే యున్నవి. ఎవరికి ఇచ్చుచున్నవి, ఎవరి యాజ్ఞచే ఇచ్చుచున్నవి, తిరిగి జమ కానిచో ఏమగును అనునదే నేటి ప్రసంగ విషయము.

ఎముకలెన్ని యని మన ప్రాచీన వైద్యులు శ్రద్ధగా లెక్కించిరి. చరకము 360 అనెను. సుశ్రుతము శల్యతంత్రమును బట్టి 300 అనెను. నేటి శాస్త్రము 206 అనుచున్నది. పండ్లను, గోళ్ళను, మృదులాస్థులను కలుపుకొనుటలో వచ్చిన భేదమే గాని ఇది పెద్ద వివాదము కాదు. ఎన్ని యెముకలో ప్రాచీనులు చెప్పిరి. వానిలో ఎంత నిలువయున్నదో చెప్పుటకు రసాయనశాస్త్రము రావలసివచ్చెను. ఎదిగిన దేహములో ఇంచుమించు ఒక కిలోగ్రాము కాల్షియము కలదు. పాఠ్యపుస్తకములలో దీనికి ఖటికమని పేరు. సున్నములోని సారమిదియే. ఇందు నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు ఎముకలలోను పండ్లలోనే యున్నవి. భాస్వరము సుమారు 700 గ్రాములు. అందు నూటికి ఎనుబదియైదు పాళ్ళు ఎముకలలోనే. ఈ రెండును జతగూడి యెముకకు గట్టిదనమిచ్చును.

మిగిలిన ఆ నూటికొక్కపాలు కాల్షియము ఎక్కడ? కండలలోను, రక్తములోను. నూరు మిల్లీలీటర్ల రక్తములో ఎనిమిదిన్నర మొదలు పదిన్నర మిల్లీగ్రాముల వరకు ఉండును. ఇది గోటిమీద నిలుచునంత పదార్థము. కాని గుండె కొట్టుకొనుటకు, కండ బిగియుటకు, నరము వార్త మోయుటకు, గాయమునందు నెత్తురు గడ్డకట్టుటకు ఇదియే యాధారము. ఇది తగ్గెనా, చేతివ్రేళ్ళు కొంకరలు పోవును, మూతిచుట్టు తిమ్మిరి పట్టును, పసిబిడ్డలకు మూర్ఛ వచ్చును. హెచ్చెనా, దప్పిక, మలబద్ధకము, మూత్రపిండములలో రాళ్ళు, మతిమాంద్యము కలుగును. కావున దేహము ఈ యంకెను కదలనీయదు.

లెక్కలు వ్రాయువారికి ఈ యేర్పాటు వెంటనే బోధపడును. రక్తము చేతిరొక్కము. ఎముక ఖజానా. తిన్న అన్నము జమ. మూత్రముతోను, మలముతోను, చెమటతోను పోవునది ఖర్చు. గర్భిణికి కడుపులోని బిడ్డయు, బాలింతకు చనుబాలును అదనపు ఖర్చు. సాయంత్రమునకు చేతిరొక్కము సరిపోవలెనన్నది శాసనము. జమ చాలని దినమున ఖజానా తెరచి, తక్కువపడినది తెచ్చి, చిట్టా సరిచేయుదురు. చిట్టా చూచినవారికి లోపమేమియు కనబడదు. ఖజానాలోని సంచులు మాత్రము తరుగుచుండును. రక్తపరీక్షలో కాల్షియము సరిగానున్నదని చెప్పగానే ఎముకలును సరిగానున్నవని సంతోషించుట ఇటువంటి పొరపాటే.

ఖజానా తాళపుచెవులు ఎవరియొద్ద నున్నవి? మెడలో, థైరాయిడు గ్రంథి వెనుక నంటుకొని, కందిగింజకన్న చిన్నవైన నాలుగు గ్రంథులున్నవి. వీనికి పారాథైరాయిడు గ్రంథులని పేరు. నాలుగింటిని కలిపి తూచినను గ్రాములో అయిదవవంతు తూగవు. వీనిని మొట్టమొదట చూచినది మనుష్యదేహములో కాదు. 1849లో లండను జంతుశాలలో మృతిబొందిన భారతదేశపు ఖడ్గమృగమొకదానిని కోసి పరీక్షించుచు రిచర్డు ఓవెన్ అను పండితుడు వీనిని గుర్తించెను. మన దేశపు మృగము పరదేశములో చచ్చి శాస్త్రమునకు చేసిన ఉపకారమిది. మనుష్యులలో వీనిని 1880లో స్వీడను దేశీయుడైన ఐవార్ సాండ్‌స్ట్రోమ్ అను వైద్యవిద్యార్థి వర్ణించెను.

రక్తములో కాల్షియము రవంత తగ్గగానే ఈ గ్రంథులు ఒక హార్మోనును విడుచును. హార్మోననగా ఒక గ్రంథి రక్తములో కలిపి దూరపు అవయవములకు పంపు ఉత్తరువు. ఈ యుత్తరువు ఎముకయొద్దకు పోయి కొంత కరగుమనును. మూత్రపిండములయొద్దకు పోయి కాల్షియమును పోనీయవలదు, భాస్వరమును విడువుమనును. భాస్వరమును విడుచుటయేల? ఎముక కరగినపుడు రెండును కలిసియే వచ్చును. భాస్వరము రక్తములో నిలిచినచో కాల్షియమును మరల పట్టుకొని కూర్చుండును, తెచ్చిన ఫలము దక్కదు. మూడవ పని, డి విటమినును చురుకైన రూపమునకు మార్చుమని మూత్రపిండములకే చెప్పుట. సూర్యరశ్మి తాకిన చర్మములో పుట్టిన ఈ విటమిను మొదట కాలేయములోను, పిమ్మట మూత్రపిండములోను మారి, ప్రేవులు అన్నములోని కాల్షియమును గ్రహించునట్లు చేయును. ఆ చివరి రూపమును 1971లో నిర్ధారించిరి. కావున దానిని విటమిననుట వాడుకయే గాని, న్యాయముగా అదియు నొక హార్మోనే.

దీనికి ఎదురు పనిచేయు కాల్సిటోనిన్ అను హార్మోనును 1961 ప్రాంతమున కెనడాలో కాప్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. మనుష్యులలో దాని యధికారము స్వల్పము. అంతకన్న వింతయైనది 2000లో బయటపడినది. ఎముకలోని కణములే ఒక హార్మోనును పుట్టించి, భాస్వరము హెచ్చినది, తీసివేయుమని మూత్రపిండములకు వార్త పంపుచున్నవట. ఖజానా కేవలము గది యనుకొన్నాము. లోపల ఒక గుమాస్తాయును కూర్చుండి చీట్లు వ్రాయుచున్నాడు.

ఈ శాస్త్రమునకు 1925 ముఖ్యమైన వత్సరము. ఆ యేట కాలిప్ అను కెనడా దేశీయుడు పారాథైరాయిడు గ్రంథులనుండి పనిచేయు సారమును తీసి చూపెను. ఆ యేటనే వియన్నా నగరమున మాండల్ అను శస్త్రవైద్యునియొద్దకు ట్రాముబండిలో ఉద్యోగము చేయు రోగి యొకడు వచ్చెను. వాని యెముకలు గుల్లబారి, నొప్పులతో విరిగిపోవుచుండెను. గ్రంథులు చాలకపోవుటచే ఈ వ్యాధి వచ్చినదని తలచి, మరియొకరి గ్రంథులను తెచ్చి వానికి నాటిరి. ఫలము లేదు. పిమ్మట మెడను విప్పి చూడగా ఆ గ్రంథులలో నొకటి కంతియై యుండెను. దానిని తీసివేయగా నొప్పులు తగ్గి రోగి నడచెను. కొన్ని యేండ్లకు వ్యాధి తిరుగబెట్టెననుటయు నిజమే. తొడయెముక విరిగిన వ్యాధికి మూలము కంఠములో నుండునని ఆ దినమున తేటతెల్లమయ్యెను.

అదే 1925లో అమెరికాలో బోస్టను నగరమునుండి వెలువడిన మరియొక వ్యాసము తెలుగువారు గర్వింపదగినది. ఫిస్కే అను ఆచార్యునితో కలిసి దానిని వ్రాసినది ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1895లో భీమవరమున జన్మించిరి. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియైరి. ఆయనకును ఆ వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరి. మదరాసులో వైద్యము చదివి, 1923లో బోస్టను చేరి, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న నౌకరీ చేయుచు హార్వర్డులో విద్య నభ్యసించిరి. రక్తములోని భాస్వరమును కొలుచుట అంతకుముందు కష్టసాధ్యముగా నుండెను. వీరి పద్ధతిలో మాలిబ్డినము కలిసిన ఆమ్లముతో భాస్వరమును కూర్చి, మరియొక ద్రవ్యము చేర్చగానే నీలివర్ణము వచ్చును. నీలము ఎంత చిక్కనైన భాస్వరమంత హెచ్చు. కొద్దిపాటి రక్తము చాలును. రికెట్సు వచ్చిన బిడ్డకు భాస్వరము తగ్గుట, మూత్రపిండములు చెడినవానికి హెచ్చుట, మెడలోని గ్రంథి మితిమీరినవానికి పడిపోవుట, ఇవన్నియు ఆ నీలివర్ణముననే చదువగలిగిరి. ఫిస్కే సుబ్బారావు పద్ధతియను పేరు ప్రపంచమంతటను పాఠ్యగ్రంథములలో నిలిచినది. ఆయన 1948లో న్యూయార్కు ప్రాంతమున కాలధర్మము చెందిరి. కాన్సరు మందులను, ఔషధములను గూర్చి ఆయన చేసిన తదుపరి కృషిని లోకము కొంత యెరుగును. ఎముకల వ్యాధులకు ఆయన యిచ్చిన ఈ కొలబద్దను మనవారు అంతగా తలపరు.

వియన్నా రోగికి గ్రంథి తనంతట తాను దారితప్పినది. మన సీమలలో గ్రంథి దోషము లేకయే, నీటివలనను తిండివలనను దానికి మితిమీరిన పని తగులుచున్నది. ఇక చెప్పవలసినది ఆ విషయమే.

నాటి నెల్లూరు జిల్లాలోనుండి, 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల రైతులు తమ యెద్దులు కీళ్ళు బిగిసి నడువలేకపోవుటను చూచి, ఇది నీటిదోషమని మొదట అనుమానించిరని చెప్పుదురు. పిమ్మట మనుష్యులకును నడుము వంగి, మెడ తిరుగక, మోకాళ్ళు ముడువరాని స్థితి కనబడెను. 1937లో షార్టు మొదలగు వైద్యులు దీనిని పరిశీలించి, బావినీటిలోని ఫ్లోరైడు కారణమని ప్రకటించిరి. భారతదేశములో ఈ వ్యాధిని శాస్త్రీయముగా వర్ణించుటకు మొదలు అక్కడనే. తరువాత 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామిగారలు ఫ్లోరైడు ప్రాంతముల పిల్లలలో మరియొక రూపమును చూపిరి. మోకాళ్ళు ఒండొంటిని ఒరసికొని, పాదములు ఎడమై, నిలుచున్న బిడ్డ కత్తెరవలె కనబడును. నల్లగొండ జిల్లాలో ఇది చాలమందికి పరిచితమైన దృశ్యము. 1976లో ఆ సంస్థవారే ఇట్టివారి రక్తములో పారాథైరాయిడు హార్మోనును కొలిచి, అది హెచ్చియున్నదని తెలిపిరి.

ఇది ఎట్లు జరుగును? ఫ్లోరైడు ఎముకలో చొరబడి, అక్కడి లవణములో తాను చోటు సంపాదించి, సులభముగా కరగని పదార్థముగా దానిని మార్చును. ఖజానాలో ధనమున్నది గాని పెట్టెకు తుప్పుపట్టి మూత రాదు. రక్తము అడుగుచునే యుండును. గ్రంథులు ఉత్తరువుపై ఉత్తరువు పంపును. మూత తీయవీలైన మరియొక చోట, అనగా ఇంకను మెత్తగానున్న యెముకలో, త్రవ్వకము హెచ్చును. అందుచే ఒకే మనుష్యునిలో వెన్నెముక రాయివలె దళసరియై, చేతికాలి యెముకలు గుల్లబారుటయు కలదు. తిండిలో కాల్షియము చాలినంతయున్నవానికి ఈ బాధ తక్కువ. లేనివానికి, ముఖ్యముగా ఎదుగుచున్న బిడ్డకు, ఎక్కువ. ఒకే బావినీరు త్రాగిన రెండిండ్లలో ఒక యింటిబిడ్డ కాళ్ళు వంగి, రెండవ యింటిబిడ్డ నిక్కముగా నడచుటకు ఇది యొక కారణము. పూర్వజన్మమును దూరవలసిన పనిలేదు.

పులివెందుల, వేముల, వేంపల్లె ప్రాంతములలో లోతైన బోర్ల నీటిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు కొన్నింట ఫ్లోరైడు హద్దుమీరినట్లు వ్రాసిరి. లీటరునకు ఒక మిల్లీగ్రాము మేలైన హద్దు. వేరు నీరు దొరకనిచో ఒకటిన్నర వరకు ఓర్వదగినది. ఒక బోరులో లేనిది ప్రక్కబోరులో నుండవచ్చును. కావున ఊరిపేరు చెప్పి లాభములేదు, బోరునకు బోరు పరీక్షింపవలెను. ఫ్లోరైడునకు రంగు, రుచి, వాసన లేవు. కాచిన పోదు, నీరు ఆవిరియై తగ్గుటచే మిగిలిన నీటిలో దాని పాలు మరింత హెచ్చును. ఇది గృహిణులు గుర్తుంచుకొనవలసిన మాట. నాగపురములోని జాతీయ పర్యావరణ సాంకేతిక సంస్థవారు పటికయు సున్నమును కలిపి తేర్చు పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. అన్నిటికన్న సుఖమైనది నది నీటిని, వాననీటిని త్రాగుట. బిడ్డల పండ్లపై సుద్దవంటి మచ్చలు, గోధుమవన్నె చారలు కనబడుట మొదటి హెచ్చరిక.

ఇక జమ సంగతి. కడపజిల్లా నేల విచిత్రమైనది. ఎర్రగుంట్ల చుట్టుపట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు చాలినంత సున్నపురాయి. ఇంటి గచ్చు నాపరాయి, అరుగు నాపరాయి, ప్రహరీ నాపరాయి. పాదముల క్రింద ఇంత కాల్షియముండగా పళ్ళెములో మాత్రము కొరతయే. నూరు గ్రాముల పాలిషు బియ్యములో పది మిల్లీగ్రాముల కాల్షియము కలదు. జొన్నలలో ఇరువదియైదు. రాగులలో సుమారు 344. ఈ లెక్కలు హైదరాబాదు సంస్థవారి పట్టికలలోనివి. రాయలసీమ పూర్వులు సంగటి తిని బ్రదికిరనగా బీదతనమనుకొని సిగ్గుపడినవారున్నారు. 1983లో కిలో రెండురూపాయల బియ్యము వచ్చిన పిమ్మట ఆకలి తీరినమాట సత్యము, ఆ మేలు కాదనరాదు. కాని రాగిచేలు తగ్గి, సంగటిలో రాగిపిండిపాలును తగ్గి, అది పండుగనాటి వింతవంటకముగా మారుటచే ఎముకల జమ కుంటుపడినది. పాలు పితికినవి పితికినట్లు కేంద్రమునకు పోవుచున్నవి. ఇంటి బిడ్డకు మిగులునది కాఫీలోనికి చాలునంత.

రాగులలోని కాల్షియమంతయు దేహమునకు పట్టదు. ధాన్యములలో ఫైటేటు అను పదార్థముండి కొంత పట్టియుంచును. నానబెట్టి మొలకెత్తించినను, అంబలి పులియబెట్టినను ఆ పట్టు సడలును. మన అవ్వలకు ఈ రసాయనశాస్త్రము తెలియదు, అంబలి చేయుట తెలియును. నువ్వులు, మునగాకు, తోటకూర, అవిసెయాకు, పెరుగు, మజ్జిగ, ఇవన్నియు మంచి జమలే. ఎదిగినవారికి దినమునకు వేయి మిల్లీగ్రాములు కావలెనని 2020లో జాతీయ సంస్థ నిర్ణయించినది. తాంబూలములోని సున్నము చాలదా యని అడుగువారుందురు. సున్నముతో కొంత కాల్షియము పోవునుగాని, దానితో వక్కయు పొగాకును పోవును. నోటికి పుండు తెచ్చుకొని ఎముకను కాపాడుట తెలివిగాదు.

ఎండలో పనిచేయువారికి డి విటమిను కొరతయేమి యని తోచును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన హరినారాయణగారును సహచరులును ఆ చుట్టుపట్ల పల్లెలలోను పట్టణములోను పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసములో, పల్లెవారికి పట్టణవాసులకన్న ఈ విటమిను మెరుగుగా నున్నదనియు, అయినను తిండిలో కాల్షియము మరింత తక్కువ, ఫైటేటు పాలు ఎక్కువ అనియు తేల్చిరి. ఎండ యొక్కటియే చాలదన్నమాట. కాన్పుమీద కాన్పు వచ్చిన తల్లికిని, ముట్లుడిగిన ముదుసలికిని ఈ కొరత మొదట తగులును. ముట్లుడిగినపుడు స్త్రీహార్మోను తగ్గి ఎముక కరగుట వేగమగును. మెట్టుమీద జారిపడి తుంటి విరిగిన అవ్వల కథలలో పెక్కింటికి మూలమిది.

మూత్రపిండములు చెడినవారి మాటయు చెప్పవలెను. శ్రీకాకుళపు ఉద్దానములో ఆ వ్యాధి ఎంతగా పెచ్చుపెరిగినదో పత్రికలు చదువువారెరుగుదురు. మూత్రపిండము చెడగానే భాస్వరము బయటికి పోదు, డి విటమిను చురుకుగా మారదు. పారాథైరాయిడు గ్రంథులు విశ్రాంతి లేక పెరిగి ఎముకను తినివేయును. అట్టివారు భాస్వరము విషయమున వైద్యుడు చెప్పిన పథ్యము తప్పరాదు.

మరియొక ముచ్చట. నడుమునొప్పి అనగానే డి విటమిను సూదిని నెలనెల వేయించుకొనువారున్నారు. ఒక్కొక్క సూదిలో ఆరులక్షల యూనిట్లుండును. అది క్రొవ్వులో నిలువయుండి, హద్దుమీరిన రక్తములో కాల్షియము పెరిగి మూత్రపిండములకే చేటు. పరీక్ష చేయించుకొనక వేయించుకొనరాదు. పరీక్షయనగా రక్తములో కాల్షియమొక్కటి చూచుట కాదు. భాస్వరము, ఆల్కలైను ఫాస్ఫటేజు, డి విటమిను, అవసరమైనచో పారాథైరాయిడు హార్మోను చూడవలెను. చిట్టా, ఖజానా రెండును తనిఖీ చేసినట్లగును.

ఎదిగే వయసులో కాల్షియము కొరతచే వంగిన కాలు, ఆ కొరతను సకాలమున తీర్చినచో తనంతట తాను కొంతవరకు, ఒక్కొక్కప్పుడు పూర్తిగాను నిక్కమగును. ఎముక పెరుగుట నిలిచిన పిమ్మట శస్త్రచికిత్స తప్ప గతిలేదు. ఎముకలో చేరిన ఫ్లోరైడు మంచినీరు త్రాగనారంభించిన మరునాడే పోదు. ఎముక కరగి క్రొత్తది యేర్పడినకొలది, ఏండ్లు గడచినకొలది, మెల్లమెల్లగా తగ్గును. బోరునీటిని శుభ్రమైన సీసాలో పట్టి జిల్లా నీటిపరీక్షశాలకు పంపుటకు బడిలోని ఉపాధ్యాయులుగాని, ఈ గ్రంథాలయపు యువకులుగాని పూనుకొన్నచో, ఏ బోరు త్రాగుటకు, ఏ బోరు చేనికి అన్నది వేసవిలోపల తేలిపోవును.